చిన్న మిరియాల రైతులు, సురక్షిత సాగు ప్రమాణాలు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. మీ సంఘంలో సుమారు 200 మంది మిరియాల రైతులు ఉన్నారు. ఎవరికీ వందో రెండు వందలో తీగలకు మించి లేవు, అవి కూడా వేరే పంటల మధ్య ఊత చెట్లకు పాకించినవే. ఇన్నాళ్ళూ ఊరికి వచ్చిన వ్యాపారికే అమ్మారు. ఇప్పుడు ఒక ఎగుమతిదారు, సురక్షిత సాగు ధ్రువీకరణ ఉంటే నేరుగా కొంటానని చెప్పి పొడవాటి తనిఖీ పట్టిక ఒకటి చేతిలో పెట్టారు. మీరు శిక్షణ తరగతులు పెట్టారు, కరపత్రాలు పంచారు. అయినా తోటల్లో ఏమీ మారలేదు. పట్టికలోని ఏ అంశంతో మొదలుపెట్టాలి అని అడిగారు.

పట్టికను కొంతకాలం పక్కన పెట్టి, తూకం దగ్గర మొదలుపెట్టండి. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను.

ఒక రైతు మిరియాలను జాగ్రత్తగా 11 శాతం తేమకు ఎండబెట్టి 100 కిలోలు తెచ్చాడనుకోండి. అందులో నికరంగా ఉన్న ఎండు పదార్థం 89 కిలోలు. అదే సరుకును పక్కింటి రైతు 15 శాతం తేమ దగ్గరే ఆపేసి తెస్తే అది దాదాపు 105 కిలోలు తూగుతుంది. ఇద్దరికీ కిలోకు ఒకే ధర కడితే, మీ మాట విన్నవాడు క్వింటాలుకు దాదాపు ఐదు కిలోలు పోగొట్టుకున్నట్టే. శిక్షణలో మీరు చెప్పిందంతా అతను విన్నాడు. తర్వాత తూకం దగ్గర దానికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం నేర్చుకున్నాడు. రైతులకు అవగాహన లేదని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. వాళ్ళకు లెక్క బాగా తెలుసు, ఆ లెక్క ప్రకారమే నడుస్తున్నారు.

కాబట్టి మొదటి పెట్టుబడి మిరియాలకు సరిచూసిన తేమ మీటరు. ధాన్యం మీటరు తెచ్చి మిరియాలకు వాడితే అంకెలు తప్పుతాయి, ఆ తగవులు తీర్చడంతోనే మీ సీజను అయిపోతుంది. 12 శాతాన్ని ప్రామాణికంగా పెట్టుకుని ప్రతి సంచి బరువునూ దానికి సరిచేయండి. అసలు బరువును 100లోంచి తేమ శాతం తీసేస్తే వచ్చే అంకెతో గుణించి, 88తో భాగిస్తే చాలు. 11 శాతం తేమతో 100 కిలోలు తెచ్చినవాడికి 101 కిలోలకు పైగా డబ్బు వస్తుంది. 15 శాతంతో 105 కిలోలు తెచ్చినవాడికీ అంతే వస్తుంది. ఈ లెక్క పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. రెండో వారానికల్లా రైతులు మీటరు ముందు నిలబడి తమ అంకెను తామే చదువుకుంటారు.

అక్కడే ఒక లీటరు పాత్ర కూడా ఉండాలి. అంచు దాకా నింపి, పైన చదును చేసి తూచండి. అంతర్జాతీయ మిరియాల సమాఖ్య మొదటి శ్రేణి నల్ల మిరియాలకు లీటరుకు కనీసం 550 గ్రాములు, రెండో శ్రేణికి 500 గ్రాములు ఉండాలంటుంది. తాలు గింజలు ఎక్కువైతే ఈ బరువు వెంటనే పడిపోతుంది. తూర్పారపట్టి తెచ్చిన సరుకుకు కొంచెం ఎక్కువ ఇస్తే, ఆ పని రైతు ఇంటి దగ్గరే జరిగిపోతుంది. చెత్తాచెదారం, కాడలు, మట్టిబెడ్డలు మీ గోదాము దాకా రావు.

రెండో పని సంచి ఎవరిదో తెలియడం. చిన్న రైతుల సరుకు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది ఇక్కడే. పెద్ద తోట యజమాని సరుకులో లోపం ఉంటే అది అతని సరుకుతోనే ఆగుతుంది. మీ దగ్గర 199 మంది సరిగ్గా చేసి ఒక్కరు తప్పు చేసినా, అందరి గింజలూ ఒకే కుప్పలో పోసిన క్షణం నుంచి అది అందరి తప్పు. ఆ తర్వాత ఎవరిదని వెతికినా దొరకదు. అందుకే ప్రతి రైతుకు ఒక సంఖ్య ఇవ్వండి. సంచి మీద ఆ సంఖ్య, తెచ్చిన తేదీ, తేమ రాసిన చీటీ కట్టండి. కుప్పలో కలిపే ముందు ప్రతి సంచి నుంచి పైన, మధ్య, అడుగు భాగాల్లో గొట్టం గుచ్చి నమూనా తీసి, 200 గ్రాములు సీలు వేసి అదే సంఖ్యతో దాచండి. ఏ సంఖ్యల సంచులు ఏ కుప్పలోకి వెళ్ళాయో ఒక పుస్తకంలో రాయండి. ఈ పని చేయాల్సింది ఒక్క గుమాస్తా, 200 మంది రైతులు కాదు. ధ్రువీకరణ సంస్థలు జాడ తెలియడం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి గాని, దాని సారం ఇంతే.

ఆ దాచిన నమూనాలు ప్రయోగశాల ఖర్చును కూడా బాగా తగ్గిస్తాయి. రైతుకొక పరీక్ష చేయించడం ఏ సంఘానికీ అయ్యే పని కాదు. పదిమంది నమూనాలు సమానంగా కలిపి ఒక పరీక్ష చేయించండి. అయితే ఫలితం చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. పదిమందిలో ఒక్కరి సరుకులోనే పురుగుమందు అవశేషం ఉంటే, కలిపిన నమూనాలో అది పదో వంతుగా కనిపిస్తుంది. కలిపిన ఫలితం పరిమితికి లోపలే ఉందని సంతోషపడి వదిలేయకండి. అనుమతి లేని మందు పేరు ఏ కొంచెం కనిపించినా, ఆ పది పొట్లాలూ బయటికి తీసి విడివిడిగా చూడాల్సిందే.

ఇక మందుల విషయం. దీని మీద కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పట్టికలో ఎన్ని అంశాలున్నా మీ కొనుగోలుదారు నిజంగా భయపడేది రెండింటికే: పురుగుమందుల అవశేషాలు, సూక్ష్మజీవులు.

యూరప్‌లో ఒక మందుకు, ఒక పంటకు ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించి ఉండకపోతే, కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే సాధారణ పరిమితి వర్తిస్తుంది. అంటే 100 టన్నుల సరుకులో ఒక్క గ్రాము. దీనికి తోడు, పచ్చి మిరియాలు మూడు కిలోలు ఎండితే దాదాపు ఒక కిలో వస్తుంది. నీరు పోతుంది, మందు చాలావరకు అలాగే ఉంటుంది. కాబట్టి పచ్చి గింజ మీద లెక్కలోకి రాని అవశేషం ఎండు గింజలో మూడింతలు కావచ్చు. కూరగాయలకు మందు కొట్టి వారంలో కోసి అమ్మిన అనుభవంతో మిరియాలను చూసే రైతుకు ఈ సంగతి తట్టదు. నిబంధనలు కూడా ఉన్నచోట ఉండవు. క్లోర్‌పైరిఫాస్ ఎన్నో ఏళ్ళు వాడిన మందు. 2020లో యూరప్ దాని అనుమతిని పునరుద్ధరించలేదు. పాత డబ్బా అటక మీద ఉన్న రైతుకు ఈ వార్త ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి.

మందు మిరియాల్లోకి వచ్చే దారులు ఒకటి కంటే ఎక్కువ. రైతు తీగలకే కొట్టింది మొదటిది. అదే తోటలోని వేరే పంటకు కొట్టింది, లేదా గాలివాటున పక్క తోట నుంచి వచ్చింది రెండోది. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌ను కడగకుండా వాడటం మూడోది. నాలుగోదాన్ని ఎవరూ అనుమానించరు, అది నిల్వ. ఎరువుల సంచిలో మిరియాలు పోయడం, పురుగుమందు డబ్బాలున్న గదిలోనే మూటలు పెట్టడం, గింజకు పురుగు పట్టకుండా ఏదో పొడి చల్లడం. రైతు ఒట్టు పెట్టుకుని మిరియాలకు మందే కొట్టలేదని చెబుతాడు, అది నిజమే అవుతుంది. అయినా పరీక్షలో మందు కనిపిస్తుంది. అలాంటప్పుడు అతన్ని అబద్ధాలకోరని నిందించకముందు మిగిలిన మూడు దారులూ చూడండి.

దీనికి నేను చూసిన పరిష్కారాల్లో అన్నిటికంటే బాగా పనిచేసేది పిచికారీ బృందం. రెండు వందల మందికీ మందు కొలవడం, మాస్కు కట్టుకోవడం, వేచి ఉండాల్సిన రోజులు లెక్కపెట్టడం నేర్పే బదులు, నలుగురైదుగురు యువకులను ఎంచి వాళ్ళకు బాగా నేర్పండి. చేతి తొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు, ముఖానికి మాస్కు వాళ్ళకే కొనివ్వండి. శిలీంద్రనాశినికి ఒక స్ప్రేయర్, కలుపు మందుకు వేరొకటి, రంగులు వేరుగా ఉండాలి. మందులు సంఘం గదిలోనే తాళం వేసి ఉంచండి. ఎవరి తోటలో, ఏ తేదీన, ఏ మందు, ఎంత మోతాదు, కోతకు ఎన్నాళ్ళు ఆగాలి అన్నది ఆ బృందమే కార్బన్ కాపీ చీటీ మీద రాసి, ఒక కాపీ రైతుకు ఇస్తుంది. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్ళు స్ప్రేయర్‌లోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి వెనక్కి తేవడం కూడా వాళ్ళ పనే. రైతు పుస్తకం రాయడం లేదన్న మీ పెద్ద సమస్య ఇక్కడే సగానికి పైగా తీరిపోతుంది. సరుకు తెచ్చిన రోజున ఆ చీటీ చూసి, ఆగాల్సిన రోజులు పూర్తి కాకపోతే సంచిని వేరే పక్కన పెట్టవచ్చు.

వాడదగిన మందుల జాబితా ఒక్క పేజీకి మించకూడదు. మీరున్న దేశంలో మిరియాల మీద వాడేందుకు నమోదైనవి, కొనుగోలుదారు దేశం ఒప్పుకునేవి, ఈ రెండు జాబితాల్లోనూ ఉన్నవే అందులో ఉండాలి. మిరియాలు పెద్ద విస్తీర్ణంలో సాగయ్యే పంట కాదు గనుక నమోదైన మందులు తక్కువే ఉంటాయి. జాబితా చిన్నదైనందుకు బెంగపడకండి. కొనుగోలుదారును కూడా రాతపూర్వకంగా అడగండి: మీరు ఏ మందుల కోసం పరీక్షిస్తారు, గత సీజన్లలో ఏవి దొరికాయి? చెప్పడానికి ఇష్టపడని కొనుగోలుదారు రేపు సరుకు తిప్పికొట్టినప్పుడు కూడా కారణం చెప్పడు.

మందు అవసరమే తగ్గించే పనులు ఎలాగూ ఉన్నాయి. మిరియాలకు ప్రాణం మీదికి తెచ్చేది ఫైటోఫ్తోరా అనే శిలీంద్రం వంటి జీవి వల్ల వచ్చే మొదలుకుళ్ళు. అది నీళ్ళలో ఈదుతుంది, బురద చిందులతో ఆకులకెక్కుతుంది, పారకు, బూట్లకు అంటుకుని ఇంకో పాదుకు చేరుతుంది. కాబట్టి వానలకు ముందే మురుగు కాలువలు తీయడం, ఊత చెట్ల కొమ్మలు కొట్టి గాలీ వెలుతురూ రానివ్వడం, నేల మీద పాకే తీగలను పైకి కట్టడం లేదా కత్తిరించడం, చచ్చిన తీగను వేళ్ళతో సహా తీసి తోట బయట కాల్చడం, ఇవే అసలు మందు. మొదలు దగ్గర తవ్వి వేళ్ళు తెంపకుండా ఆకులతో కప్పి ఉంచాలి. నారు తెచ్చేటప్పుడు నులిపురుగులు లేని మట్టిలో పెంచినదే తేవాలి. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని బాగా చివికిన పశువుల ఎరువులోనో వేపపిండిలోనో పెంచి మొదట్లో వేస్తే మంచి ఫలితం ఉంటుంది. అయితే దాన్నీ రాగి మందునూ ఒకేసారి వేయకూడదు, రాగి ఆ మేలు చేసే శిలీంద్రాన్నీ చంపేస్తుంది. మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచండి.

మొదలుకుళ్ళుకు కొట్టే రాగి మందుల్లో ఒకటి బోర్డో మిశ్రమం. అది ఒక శాతం అంటే, 100 లీటర్లకు ఒక కిలో మైలతుత్తం, ఒక కిలో సున్నం. రెంటినీ విడివిడిగా చెరో 50 లీటర్ల నీళ్ళలో, ప్లాస్టిక్ తొట్లలో కలుపుకోవాలి. మైలతుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పాలి. తిరగేసి పోస్తే మిశ్రమం సరిగా కుదరదు. తర్వాత బాగా తోమిన ఇనుప కత్తి అందులో ఒక నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఇటుక రంగు పూత కనిపిస్తే రాగి ఇంకా మిగిలి ఉందని అర్థం, అలాగే కొడితే ఆకులు మాడతాయి. కొంచెం సున్నం నీళ్ళు కలిపి, కత్తి తోమి మళ్ళీ ముంచాలి. పూత రాని దాకా ఇదే పని. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. అంకెలు చదవలేని రైతు కూడా ఈ కత్తి పరీక్షను ఒకసారి చూస్తే మరిచిపోడు.

ఇప్పుడు కోత, ఎండబెట్టడం. ఇక్కడ శిక్షణ ఎవరికి ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళను తరగతికి పిలుస్తారు, వచ్చేది సాధారణంగా మగవాళ్ళు. గింజలు రాల్చేది, కళ్ళంలో ఎండబెట్టేది, తిరగేసేది, వాన మబ్బు పడితే పరుగెత్తి కప్పేది ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళు. కాబట్టి ఎండబెట్టే శిక్షణ సంఘం హాలులో కాకుండా ఒక ఇంటి వాకిట్లో, వాళ్ళకు తీరికైన వేళలో, నిజమైన గింజలతో పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

కంకిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడగానే కోయాలి. నేల రాలిన గింజలను ఎప్పుడూ కోసిన వాటిలో కలపకూడదు. రాలిన గింజ మట్టిని తాకింది, బూజు పట్టి ఉండవచ్చు, రంగు కోల్పోయి ఉంటుంది. చెట్టు కింద వల గానీ పట్టా గానీ పరిస్తే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. గింజలను కాళ్ళతో తొక్కి రాల్చే పద్ధతి మానిపించండి. చిన్న నూర్పిడి యంత్రం ఒకటి పది ఇళ్ళకు సరిపోతుంది. రాల్చిన గింజలను చిల్లుల బుట్టలో పోసి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి తీస్తే మూడు లాభాలు: మురికి, సూక్ష్మజీవులు తగ్గుతాయి, గింజలన్నీ ఒకేలా నల్లబడతాయి, త్వరగా ఎండుతాయి. నిమిషం దాటి ఉంచకండి, గింజను నల్లబరిచే ఎంజైము ఉడికిపోయి రంగు చెడుతుంది.

ఎక్కడ ఎండబెడుతున్నారన్నది తర్వాతి ప్రశ్న. పేడతో అలికిన నేల, తారు రోడ్డు, పొయ్యి పొగ తగిలే చోటు, ఈ మూడూ వద్దు. పేడలో సాల్మొనెల్లా అనే జబ్బు కలిగించే క్రిమి ఉండవచ్చు. తారు, పొగల వల్ల క్యాన్సర్ కారకమైన హైడ్రోకార్బన్లు చేరతాయి, వాటికి యూరప్‌లో ఎండు సుగంధ ద్రవ్యాలకు విడిగా పరిమితులున్నాయి. సిమెంటు కళ్ళమో, శుభ్రమైన టార్పాలినో, అన్నిటికంటే మేలుగా నేలకు ఎత్తుగా కట్టిన వల మంచెలనో వాడాలి. పలుచగా పరిచి రోజుకు నాలుగైదు సార్లు తిరగేయాలి. రాత్రి మంచు తగలకుండా కుప్ప చేసి కప్పాలి. కోళ్ళు, కుక్కలు, పిల్లులు రాకుండా చుట్టూ వల కట్టాలి. కోడి రెట్టను చేత్తో ఏరి పారేస్తే సరిపోతుందనుకుంటారు. ఆ గింజలను కూడా తీసి పారేయాలి.

ఎండిన గింజలో ఏ క్రిమీ బతకదన్న నమ్మకం చాలామందికి ఉంది. సాల్మొనెల్లా ఎండు మిరియాల్లో పెరగదు, నిజమే, కాని నెలల తరబడి బతికి ఉంటుంది. తేమ ఉన్న ఆహారంలో పడ్డాక మళ్ళీ పెరుగుతుంది. 2009-10లో అమెరికాలో మిరియాలు, ఎండుమిరప పూసిన సలామీ మాంసం తిని 270 మందికి పైగా జబ్బుపడ్డారు. దర్యాప్తులో సాల్మొనెల్లా దొరికింది ఆ మసాలా దినుసుల్లోనే. 2019లో బ్రెజిల్ నల్ల మిరియాలను ఇదే క్రిమి కారణంగా యూరప్ అదనపు సరిహద్దు తనిఖీల జాబితాలో పెట్టింది. 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా అసలు కనిపించకూడదన్నది నియమం. ఎగుమతిదారు ఆవిరితో శుద్ధి చేస్తాడు కదా అని రైతు స్థాయిలో వదిలేయడం సరికాదు. మొదట్లో ఉన్న మురికి ఎంత తక్కువైతే ఆ శుద్ధి అంత నమ్మకంగా పనిచేస్తుంది.

బూజు విషం సంగతి తేమతో ముడిపడి ఉంది. మిరియాల్లో అఫ్లాటాక్సిన్ బి1కు యూరప్ పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10, ఆక్రాటాక్సిన్ ఎకు 15. మిరియాలు కోశాక 12 శాతం లోపలికి త్వరగా దిగితే బూజుకు అవకాశం ఉండదు. మబ్బు పట్టిన నాలుగు రోజులు సగం ఎండిన గింజ మూటలో మగ్గితే అంతే సంగతులు. అందుకే వాన కాలం దాకా కోత సాగే ప్రాంతంలో సంఘానికి ఒక ఉమ్మడి ఆరబెట్టే యంత్రం గానీ సోలార్ గది గానీ ఉండాలి. విరాళం ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఏం కావాలని అడిగితే కంప్యూటర్ అడగకండి, అది అడగండి.

నిల్వకు కొత్త సంచులు, కింద చెక్క పలకలు, గోడకు జానెడు దూరం. సాధారణ గోనె సంచుల తయారీలో ఖనిజ నూనె వాడతారు, అది గింజకు అంటుతుంది. ఆహారానికి పనికొచ్చే రకం గోనె గానీ, లోపల పొర ఉన్న సంచి గానీ అడిగి తీసుకోండి.

పనివాళ్ళ భద్రత అనగానే అందరూ మందుల గురించే మాట్లాడతారు. మిరియాల తోటలో ప్రాణాలు తీసే ఇంకో ప్రమాదం నిచ్చెన. తడిసిన వెదురు జారుతుంది. అల్యూమినియం నిచ్చెన తేలికగా ఉంటుంది గాని కరెంటు తీగకు తగిలితే చేతిలో ఉన్నవాడు బతకడు. తీగలు పోయే చోట ఉన్న చెట్లకు రంగు గుర్తు వేయించి, అక్కడ ఆ నిచ్చెన వాడవద్దని కట్టడి చేయండి. ఊత చెట్టు ఎత్తును కొమ్మ కొట్టి అదుపులో ఉంచితే కోతా సులువే, ప్రమాదమూ తక్కువ.

ఇంతవరకు వచ్చాక పట్టిక తీయండి. గ్లోబల్ గ్యాప్ అనే సురక్షిత సాగు ప్రమాణమైనా మరొకటైనా, చిన్న రైతులకు సామూహిక ధ్రువీకరణ అనే మార్గం ఉంది. సంఘం ఒక అంతర్గత నియంత్రణ వ్యవస్థ నడపాలి: సొంత తనిఖీదారు ప్రతి రైతు తోటనూ ఏడాదికోసారి చూడాలి, తప్పులు రాయాలి, అవి సరిదిద్దారో లేదో మళ్ళీ చూడాలి. బయటి ఆడిటర్ సభ్యుల సంఖ్యకు కనీసం వర్గమూలం అంతమందిని చూస్తాడు, అంటే 200 మందిలో 15 మంది. ఆయన నిజంగా పరీక్షించేది ఆ 15 తోటలకంటే మీ తనిఖీదారు పుస్తకాన్ని. అందులో ఒక్క తప్పూ రాసి లేకపోతే అనుమానం మొదలవుతుంది. తప్పులు రాసి ఉండి, ఏ తేదీన ఎలా సరిచేశారో కూడా ఉంటే ఆయనకు ఆ వ్యవస్థ మీద నమ్మకం కుదురుతుంది. అందంగా ఒకే చేతివ్రాతతో, ఒకే సిరాతో నింపిన 200 పుస్తకాలను చూపించి ఆడిట్ గట్టెక్కిన సంఘాలు ఉన్నాయి. ఆ ముచ్చట సరుకు ప్రయోగశాలకు వెళ్ళేదాకానే.

అందరినీ ఒకేసారి చేర్చకండి. కలిసి మెలిసి ఉండే ఒక పల్లె, ముప్పై ఇళ్ళు చాలు. మొదటి సీజను తూకం, చీటీలు, పిచికారీ బృందం. రెండో సీజను అంతర్గత తనిఖీ. ధ్రువీకరణకు దరఖాస్తు ఆ తర్వాత. ఎగుమతిదారు తొందరపెడితే, ధ్రువీకరణ రుసుము ఎవరు కడతారు, అధిక ధర ఎంత, ఎన్నేళ్ళు కొంటారు అని కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ ఎగుమతిదారు పేరున ఉంటే రేపు మీరు వేరొకరికి అమ్ముకోలేరు, అది కూడా చూసుకోండి.

చివరగా మీరు అడగనిది ఒకటి: తప్పిన సరుకును ఏం చేయాలి? తేమ ఎక్కువైతే మళ్ళీ ఎండబెట్టవచ్చు. చెత్త ఉంటే జల్లెడ పట్టవచ్చు. బూజు విషం, మందు అవశేషం మాత్రం ఎండకూ పోవు, ఏరినా పూర్తిగా పోవు. అలాంటి కుప్పను మంచి సరుకులో కొంచెం కొంచెంగా కలిపేద్దామన్న ఆలోచన ప్రతి గోదాములోనూ ఎవరో ఒకరికి వస్తుంది. బూజు విషాల విషయంలో యూరప్ నిబంధనలు అలా కలపడాన్ని నేరుగా నిషేధిస్తాయి, దొరికితే పోయేది మొత్తం కంటైనరు.

రైతు విషయంలో మాత్రం ఒక తేడా పాటించండి. జాబితాలో లేని మందు కొట్టానని ముందే వచ్చి చెప్పిన రైతు సరుకును ధ్రువీకరణ కుప్పలో కలపకండి, కాని అతన్ని తిట్టకండి, జరిమానా వేయకండి. ఆ మందుకు మీ దేశంలో ఉన్న పరిమితికి లోపలే ఉందని పరీక్షలో తేలితే సాధారణ ధరకు విడిగా కొనండి. చెప్పకుండా తెచ్చి, దాచిన నమూనాలో దొరికిపోయినవాడి సరుకు ఆ సీజను మొత్తం తీసుకోవద్దు. ఈ రెండు నియమాలూ కోతకు ముందే సభలో అందరి ఎదుట చదివి, సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. మీ సంఘం అధ్యక్షుడి బంధువు సరుకు దొరికిన రోజున ఆ కాగితం మీకు అవసరమవుతుంది.